గువ్వ గీసిన వాన

పోయినవారం మనం రంగుల టీచరును మూడో తరగతి గదిలో నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో సుద్దముక్క. ఎదురుగా కాంట్రాక్టరు. ఆయన వెనక ఆయన తల్లి. వాళ్ళిద్దరి వెనక, వాళ్ళిద్దరికంటే ఎక్కువ కోపంగా, టీచరు అత్తగారు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు మాటలు. ఆ చిన్న బడికి పెద్ద దిక్కు అత్తగారే. పిల్లలూ పంతుళ్ళూ ఆమెను 'పెద్ద మేడమ్' అంటారు. మూడో తరగతికి పాఠాలు చెప్పేది ఆమె కోడలు. గేటు బయట 'అత్తయ్యా', గేటు లోపల 'మేడమ్'. పెళ్ళైన కొత్తలోనే అత్తగారు గీసిన గీత అది. ఒకసారి కోడలు నోరు జారి స్టాఫ్ రూములో 'అత్తయ్యా, ఇంట్లో ఉప్పు నిండుకుంది' అన్న పాపానికి, అత్తగారు ఆ రోజంతా ఆమెతో పలకలేదు, ఆ పూట ఉప్పు లేకుండానే తిన్నారు కూడా. కోడలి కొంగుకి ఎప్పుడు చూసినా ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది కనుక పిల్లలు ఆమెకు రంగుల టీచరని పేరు పెట్టుకున్నారు.

ప్రతి వానాకాలమూ బడిలో ప్రదర్శన జరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకటే తంతు. నీలం కాగితం, దాని మీద దూది మబ్బు, కత్తిరించి అంటించిన గొడుగు, పక్కన 'వర్షము మనకు ఎంతో మేలు చేయును' అని మొదలయ్యే వ్యాసం. పెద్ద మేడమ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన వ్యాసం అది. ఇప్పటి పిల్లల తల్లిదండ్రుల్లో సగంమంది కూడా దాన్నే బోర్డు మీద చూసి దించినవాళ్ళు. ఈ ఏడు రంగుల టీచరు ఆ వ్యాసాన్ని బోర్డు ఎక్కనివ్వలేదు. తెల్లకాగితాల మీద పొడిరంగులు చల్లించి, పిల్లల్ని వరండా అంచున నిలబెట్టి, కాగితాలను వాన కిందికి చాపమంది. చినుకులు పడి రంగులు పాకి బొమ్మలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. తడి ఆకుల్ని రంగులో అద్ది అచ్చులు వేయించింది. ఆ తరువాత, 'మీ ఇంట్లో వాన ఎట్లా ఉంటుందో మీకు తోచినట్టు రాయండి' అంది. రాసినవన్నీ, వేసినవన్నీ తరగతి గోడ మీదికి ఎక్కాయి. పిల్లలు దానికి వాన గోడ అని పేరు పెట్టారు.

ఆ గోడ మీద గువ్వ వేసిన బొమ్మ ఒకటి ఉంది. గువ్వ కాంట్రాక్టరు కూతురు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేంత మెల్లగా మాట్లాడుతుందని ఆ ముద్దుపేరు. కాగితం నిండా నల్లటి వాన గీసింది. తన పాదానికే ఎర్రరంగు పూసుకుని, గుమ్మంలోంచి బయటికి వెళుతున్న అడుగులు వేసింది. కింద ఇలా రాసింది:

'వాన వచ్చిన రోజు అమ్మ వెళ్ళిపోయింది. చెప్పులు లేకుండా వెళ్ళింది. అమ్మ చెప్పులు నాన్న బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. నాకు వానంటే భయం లేదు.'

ప్రదర్శన రేపు. బడికి కొత్త గదులు కడుతున్నది కాంట్రాక్టరే కనుక, ఇవాళ పని చూసుకోవడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. పనిలో పనిగా కూతురి తరగతిలోకి తొంగిచూశాడు. గోడ ముందు ఆగాడు. చదివాడు. సరిగ్గా అక్కడ ఆగాం మనం.

*

కాంట్రాక్టరు కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. ఆ ఊళ్ళో ఆయన నవ్వుకి మంచి పేరుంది. పెళ్ళిలో, చావులో, పంచాయితీలో ముందువరసలో కనబడే మనిషి. ఎవరి ఇంటికి కష్టమొచ్చినా ముందు ఆయన బండే వాకిట్లో ఆగుతుంది.

"బొమ్మ బ్రహ్మాండంగా ఉంది టీచరుగారూ," అన్నాడు. "ఇంటికి తీసుకెళ్ళి ఫ్రేము కట్టిస్తాను. తీసివ్వండి."

"ప్రదర్శన అయిపోయాక ఎవరి బొమ్మ వాళ్ళే ఇంటికి తీసుకెళ్తారండి."

"రేపటిదాకా ఎందుకులెండి. తండ్రిని, నేనే అడుగుతున్నాగా."

"తండ్రి మీరేనండి. కానీ బొమ్మ వేసింది మీరు కాదు కదా."

మాట మెత్తగానే వచ్చింది. చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. ఎప్పుడు విరిగిందో ఆమెకే తెలియదు.

అంతలో పెద్దావిడ, కాంట్రాక్టరు తల్లి, నెత్తీ నోరూ కొట్టుకుంటూ ముందుకొచ్చింది. "విన్నావురా నాయనా, విన్నావా! కన్నతండ్రికే ఎదురుచెప్తోంది! మా కోడలు ఒంట్లో బాగోక పుట్టింట్లో మందు తింటోందని ఊళ్ళో ఎవరికి తెలియదు? పిల్లకేదో పీడకల వచ్చింది. కలలు తెచ్చి గోడకెక్కిస్తారా? ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. అమ్మా, పిల్లలకి పాఠాలు చెప్తున్నారా, పక్కింటి చాడీలు నేర్పుతున్నారా?"

"గుట్టయితే అది కల కాదన్నమాట కదండీ," అంది టీచరు.

పెద్దావిడ చూపు కొడుకు మీదికి వెళ్ళి, మళ్ళీ టీచరు మీదికి వచ్చింది. మళ్ళీ శోకాలు అందుకుంది, ఈసారి ఇంకో మెట్టు పైనుంచి.

తరగతిలో పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. పైన రేకుల కప్పు. మూలన, రాత్రి కురిసిన వాన తాలూకు చుక్కలు ఇంకా బకెట్లో టప్ టప్ మంటున్నాయి. రెండో బెంచీలో గువ్వ తలవంచుకుని పెన్సిల్ చెక్కుతోంది. పెన్సిల్ ముల్లు ఎప్పుడో తేలింది, అయినా చెక్కుతూనే ఉంది.

కాంట్రాక్టరు టీచరును వదిలేసి పెద్ద మేడమ్ వైపు తిరిగాడు. "నేనెవర్నీ బలవంతపెట్టే మనిషిని కాదని మీకు తెలుసు మేడమ్. మా మేస్త్రీలకి పక్క ఊళ్ళో పెద్ద పని తగిలింది. ఇక్కడ స్లాబు పడేదాకా కదలొద్దని నేనే బతిమాలి ఆపుతున్నా. గోడలు లేచి కప్పు పడకపోతే, ఈ వానలకి ఏమవుతుందో మీకు చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. బకెట్ చెబుతూనే ఉంది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఇనుము ఉండనే ఉంది. "టీచర్, గోడ మీద ఉన్నవన్నీ తీసేయించండి. ఒక్క బొమ్మే తీస్తే అడుగుతారు, అన్నీ తీస్తే ఎవరూ అడగరు. రేపటికి నీలం కాగితాలు అంటిద్దాం. వ్యాసం నేను రాస్తాను, పిల్లలు దించుకుంటారు."

అని, కోడలి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది. ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీద గీత గీసినట్టు వరస.

'వర్షము మనకు ఎంతో మేలు చేయును. వర్షము వలన చెరువులు నిండును. రైతులు సంతోషింతురు. కావున అందరును వర్షమును ప్రేమింతురు.'

"దించండి," అంది.

అలవాటైన మాట కనుక పిల్లలు పెన్సిళ్ళు తీశారు. ఒక చెయ్యి మాత్రం పైకి లేచింది. ఆ చెయ్యి ఎవరిదో పెద్ద మేడమ్‌కి చూడకుండానే తెలుసు. ఆ పిల్లను బడిలో అందరూ 'ఎందుకండీ' అనే పిలుస్తారు. హాజరు పిలిచినా 'ఎందుకండీ' అనగల సమర్థురాలు.

"ఏం?"

"మేడమ్, రైతులు సంతోషిస్తారు సరేనండీ. మా నాన్న ఐస్ బండి తోస్తాడండీ. వానొస్తే సంతోషించడండీ. దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. నేనేం రాయాలండీ?"

"ఉన్నది ఉన్నట్టు దించు."

ఆ పిల్ల బోర్డు వైపు చూసింది, గోడ వైపు చూసింది. "ఉన్నది ఉన్నట్టు రాసినవే కదండీ తీసేస్తున్నారు?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. "మా తాతకి వానొచ్చే ముందు మోకాలు చెప్తుందండీ, నేను అది రాశాను, అది కూడా తప్పేనాండీ?" అని ఒకడు. "మా ఇంట్లో వానొస్తే అందరం ఒకే మంచమ్మీద పడుకుంటామండీ, అది తీసేయకండీ!" అని ఇంకొకతె. అంతదాకా బొమ్మల్లా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా తేనెపట్టు కదిపినట్టు లేచారు.

"నిశ్శబ్దం!"

నిశ్శబ్దమైంది. పెద్ద మేడమ్ చూపు రెండో బెంచీ మీద ఆగింది. అక్కడ కాగితం ఖాళీగా ఉంది. పెన్సిల్ దాని పక్కన పడుకుని ఉంది.

"నువ్వు రాయవేం?"

గువ్వ లేచి నిలబడింది. "రాశానండీ," అంది.

"ఎక్కడ రాశావ్?"

గువ్వ వేలు గోడ వైపు చాపింది. "అక్కడండీ."

ఆ పిల్ల గొంతు చివరి బెంచీ దాకా వినపడటం ఆ ఏడాదిలో అదే మొదలు. పిల్లలందరూ తిరిగి ఆమెనే చూశారు.

కాంట్రాక్టరు బెంచీల మధ్యకి వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు. నవ్వు అలాగే ఉంది. "బంగారుతల్లీ, నాన్న చెప్తే వింటావు కదూ? వెళ్ళి నీ చేత్తో నువ్వే ఆ కాగితం తీసి నాన్నకివ్వు. ఇంటికెళ్ళి మంచి బొమ్మ వేసుకుందాం."

గువ్వ కదల్లేదు. తల మీద చెయ్యి బరువెక్కినట్టుంది, మెడ కొంచెం వంగింది, అంతే.

అప్పుడు రంగుల టీచరుకు ఒక సంగతి తట్టి సిగ్గేసింది. ఇందాకట్నుంచి ఆ బొమ్మ గురించి తండ్రి మాట్లాడాడు, నాయనమ్మ మాట్లాడింది, పెద్ద మేడమ్ మాట్లాడింది, తనూ మాట్లాడింది. వేసిన పిల్లను ఒక్కరూ అడగలేదు. తను ఈ గోడ కోసం పోట్లాడుతున్నది గువ్వ కోసమా, లేక అత్తగారి మీద గెలవడం కోసమా?

ఆమె వెళ్ళి గువ్వ ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు నేల మీది రంగుల్లో పడింది. పట్టించుకోలేదు.

"గువ్వా, బొమ్మ నీది. ఉంచమంటే ఉంచుతాను. తీసెయ్యమంటే తీసి నీ చేతికిస్తాను. నువ్వేం చెప్పినా నాకు కోపం రాదు. ఒట్టు. నీకేం కావాలి?"

గువ్వ పెదాలు కదిలాయి. తండ్రి చెయ్యి తల మీద నుంచి భుజం మీదికి జారింది.

"ఉండాలి," అంది గువ్వ.

"విన్నారు కదండీ," అంటూ టీచరు లేచింది.

కాంట్రాక్టరు ముఖంలో నవ్వు, ఎవరో దీపం ఆర్పినట్టు పోయింది. రెండంగల్లో గోడ దగ్గరికి వెళ్ళాడు. ఆయన చెయ్యి కాగితం అంచు అందుకునేలోగా టీచరు మధ్యలోకి వచ్చి గోడకి వీపు ఆనించి నిలబడింది. ఆకుల అచ్చుల్లో కొన్ని ఇంకా ఆరలేదు. జాకెట్టు వెనక చల్లగా తగిలింది.

"తప్పుకోండి."

"తప్పుకోనండి. కావాలంటే నన్ను జరిపి తీసుకోండి. పిల్లలంతా చూస్తున్నారు. రేపు వీళ్ళు ఇళ్ళకెళ్ళి ఏం రాస్తారో, ఏం బొమ్మలు వేస్తారో నేను చెప్పలేను."

కాంట్రాక్టరు చెయ్యి గాలిలో ఆగింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అన్ని జతల కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. 'ఎందుకండీ' అయితే బాగా కనపడాలని బెంచీ ఎక్కి నిలబడింది. ఊరంతా నమస్కారం పెట్టే మనిషికి, పిల్లలు అలా చూడటం కొత్త.

చెయ్యి దించాడు. చొక్కా సర్దుకున్నాడు. పెద్ద మేడమ్‌తో, టీచరు అక్కడ లేనట్టే, మెల్లగా అన్నాడు: "సాయంత్రంలోగా ఆ కాగితం నాకు అందాలి. అందకపోతే రేపట్నుంచి మీకు మేస్త్రీలూ ఉండరు, మా పిల్లా ఉండదు. పద గువ్వా."

"బడి వదలడానికి ఇంకా టైముందండీ," అంది టీచరు.

"నా కూతుర్ని నేను తీసుకెళ్ళడానికి మీ గంట మోగాలా?"

చట్టం ఆయన వైపే ఉంది. గువ్వ చెయ్యి పట్టుకుని ఆయన గుమ్మం దాటాడు. వరండాలో పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. "చెప్పులేసుకో," అన్నాడు. గువ్వ తన చెప్పులు చూసింది. వాటి పక్కనుంచి ఉత్తికాళ్ళతో నడిచి, మెట్లు దిగి, బురదలోకి అడుగు పెట్టింది. "వేసుకోవే!" అన్నాడు తండ్రి, ఈసారి గొంతు పెంచి. ఆ పిల్ల వెనక్కి చూడలేదు.

పెద్దావిడ వంగి ఆ చెప్పులు తీసి చంకలో పెట్టుకుని, శాపనార్థాలు పెడుతూ వాళ్ళ వెనకాల వెళ్ళింది.

*

అన్నం గంట కొట్టారు. పిల్లలు గోలగోలగా వెళ్ళిపోయారు. తరగతిలో అత్తా కోడలూ మిగిలారు.

పెద్ద మేడమ్ కిటికీ తలుపులు మూసింది. "ఇక తీసెయ్యండి టీచర్," అంది. "పిల్లలు తిని వచ్చేలోగా గోడ ఖాళీ అవ్వాలి."

"తియ్యను అత్తయ్యా."

"ఇది బడి. ఇక్కడ నేను మేడమ్‌ని."

"మేడమ్‌తో మాట్లాడటం అయిపోయింది. ఇప్పుడు అత్తయ్యతోనే మాట్లాడతాను." టీచరు ఆగలేదు. "పప్పులో పోపు మాడిందన్నారు, పడ్డాను. చీర కట్టు బాగోలేదన్నారు, పడ్డాను. మీ అబ్బాయిని అడిగితే 'అటు అమ్మ, ఇటు పెళ్ళాం, నేను గోడమీద పిల్లిని' అని తన ఫొటో స్టూడియో తలుపేసుకుని కూర్చుంటాడు. అదీ పడ్డాను. ఇది మాత్రం పడను. ఆ పిల్ల ఇన్నాళ్ళకి ఒక మాట మాట్లాడింది. దాన్ని మనమే గోడ మీంచి చింపేస్తే, ఇక జన్మలో మాట్లాడదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారా, తీసెయ్యండి. వీధి అరుగు మీద కూర్చుని చెప్పుకుంటాను పాఠాలు. పైకప్పు పడకపోతే పడకపోనీండి. గొడుగేసుకుని చెప్తాను. ఒక స్లాబు కోసం ఒక పిల్ల నోరు మూయించడం నా వల్ల కాదు."

ఇంత పొడుగు మాట ఆమె అత్తగారి ముందు ఎన్నడూ మాట్లాడలేదు. అయిపోయాక తనకే ఆశ్చర్యమేసి, ఊపిరి పీల్చుకుంటూ నిలబడింది. ఇప్పుడు పిడుగు పడుతుందని చూసింది.

పిడుగు పడలేదు. అత్తగారు వెళ్ళి పిల్లల బెంచీ మీద కూర్చుంది. బెంచీ పొట్టిది, ఆమె పొడుగు మనిషి. మోకాళ్ళు పైకొచ్చాయి. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. కళ్ళజోడు లేని అత్తగారిని కోడలు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ముసలితనం కనబడింది.

"స్లాబు కోసమనుకున్నావా?" అంది అత్తగారు.

"మరి?"

"రేకుల కిందే ఉద్యోగంలో చేరాను. రేకుల కిందే రిటైరవుతాను. నాకు స్లాబు మీద మమకారమేం లేదు." గొంతు తగ్గించింది. "వాడు ఇప్పటిదాకా పెళ్ళాం పుట్టింట్లో ఉందని చెప్పుకు తిరుగుతున్నాడు. పరువు కోసం. అంత పరువు చూసుకునే మనిషి కాబట్టే, నలుగురికీ తెలుస్తుందని వెతకడం లేదు. రేపు ఊరంతా ఈ బొమ్మ చూశాక పరువెక్కడుంది? ఇక అడ్డేముంది? మనుషుల్ని పెట్టి వెతికిస్తాడు."

"వెతికితే మీకేం భయం అత్తయ్యా?"

"దొరుకుతుందని భయం."

కోడలికి అర్థం కాలేదు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీద ఎర్రటి అడుగుల వైపు చూసింది.

"ఆ అడుగులు ఎక్కడికొచ్చి ఆగాయో నాకు తెలుసు. ఆ వానలో ఆ అమ్మాయి వచ్చి కొట్టింది మన ఇంటి తలుపే. నువ్వు మీ అమ్మగారింట్లో ఉన్నావు. మీ ఆయన స్టూడియోలో ఉన్నాడు. అరికాళ్ళ నిండా గాజుపెంకులు. ఒక్కొక్కటీ తీసి, కట్టు కట్టి, నా చెప్పులు తొడిగి, బస్సెక్కించాను. ఎక్కడికి పంపానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు కూడా చెప్పలేదు. నీ ముఖం అద్దం లాంటిది, మనసులో మాట దాచుకోలేవు."

టీచరు పక్క బెంచీ మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర, ఉప్పూ కారాల గురించి వాదించుకుంటూ బతికిన మనిషి, ఇంత బరువు ఒక్కతే మోసుకు తిరుగుతోందా?

"గువ్వకి తెలుసా?"

"ఎట్లా చెప్తాను? పసిపిల్ల. తండ్రి ఒక్కసారి ముద్దు చేసి అడిగితే చెప్పేస్తుంది."

"ఇవాళ ముద్దు చేసే అడిగాడు కదా అత్తయ్యా. కాగితం ఇచ్చిందా?"

అత్తగారు గువ్వ కూర్చునే రెండో బెంచీ వైపు చూసింది.

"మీరు చేసింది చిన్న పని కాదు. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ ఆ పిల్ల ఇన్నాళ్ళుగా అమ్మ తనని వదిలేసి పోయిందనుకుంటోంది. ఆ నల్లటి వానంతా అదే. ఇప్పుడు మనం బొమ్మ తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. వాడు చదివేశాడు. ఇంటి సంగతి గోడకెక్కించిన పిల్లని ఇంటికి తీసుకెళ్ళాడు. బీరువాలో ఇప్పుడు ఎవరి చెప్పులు పెడతాడు?"

పెద్ద మేడమ్ లేచి నిలబడింది. ఆమె ముఖంలో రంగు మారడం కోడలు చూసింది. అమ్మను దాచడంలో పడి, ఈ సంగతి ఆమె ఆలోచించలేదు. ఊరికి తెలియకుండా చూసుకుంది గానీ, ఇంట్లో మిగిలిన పిల్ల వైపు చూసుకోలేదు.

"పద," అంది. "వాళ్ళింటికి వెళ్దాం."

"వెళ్ళి ఏమంటాం?"

"దారిలో ఆలోచిద్దాం. ముందు పద."

"మీరిద్దరూ మెల్లగా మాట్లాడండమ్మా."

ఆ గొంతు గుమ్మంలోంచి వచ్చింది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. కాంట్రాక్టరు తల్లి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో, ఎంత విన్నదో తెలియదు. శోకాలు లేవు, శాపనార్థాలు లేవు. ఇందాక నెత్తీ నోరూ కొట్టుకున్న మనిషి ఈమేనా అనిపించేంత నెమ్మదిగా లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టింది.

"పిల్ల సంచి మర్చిపోయాం, తెస్తానని చెప్పి వచ్చాను," అంది గుసగుసగా. "మావాడు గేటు దగ్గర బండిలో ఉన్నాడు. పిల్ల వాడి పక్కనే ఉంది."

పెద్ద మేడమ్ కోడలికి అడ్డంగా వచ్చి నిలబడింది. "మీరు విన్నదంతా వెళ్ళి మీ అబ్బాయికి చెప్తారా?"

"చెప్పేదాన్నయితే ఆనాడే చెప్పేదాన్ని." పెద్దావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "వీధి తలుపుకి వాడు తాళం వేశాడు. పెరటి తలుపు తీసింది ఎవరనుకున్నారు? 'ఆ మేడమ్‌గారింటికి పో, ఆవిడ కసురుకుంటుంది గానీ తలుపు తీస్తుంది' అని దానికి చెప్పి పంపింది నేనేనమ్మా."

తరగతిలో ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి ఇందాక ఆ అరుపులూ..." అంది టీచరు.

"అరవకపోతే వాడు నన్ను నమ్ముతాడా? వాడి ముందు నేను ఎంత గట్టిగా తిడితే, వాడి వెనక అంత పని చెయ్యగలను. ఆ విద్య నాకు వాడి నాన్న దగ్గరే అలవాటైంది." పెద్దావిడ బెంచీ మీది సంచి అందుకుంది. "వినండి, టైము లేదు. సాయంత్రానికి పిల్లని తీసుకుని ఊరు మారతానంటున్నాడు. ఎక్కడికో నాక్కూడా చెప్పడం లేదు. పిల్లని తల్లి దగ్గరికి చేర్చాలంటే ఇవాళే చేర్చాలి. చేరుస్తారా, లేదా? ఆ ఒక్కమాట చెప్పండి."

"చేరుస్తాం," అంది రంగుల టీచరు, అత్తగారి వైపు చూడకుండానే.

"చేరుస్తాం," అంది అత్తగారు, అదే క్షణంలో.

పెద్దావిడ ఇంకేదో చెప్పబోయింది. బయట బూట్ల చప్పుడైంది. మెట్లు ఎక్కి, వరండా దాటి, తలుపు ముందు ఆగింది. గడియ ఒకసారి కదిలింది. మళ్ళీ కదిలింది.

"అమ్మా," అంది కాంట్రాక్టరు గొంతు బయటినుంచి, నవ్వుతూనే. "సంచి తెచ్చుకోవడానికి గడియెందుకు పెట్టుకున్నావ్?"